అడుగువాడు, ఇచ్చువాడు, నడుమ నున్న కాలువ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో మాట్లాడుమని కార్యదర్శి గారు నన్ను కోరినప్పుడు, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చి చెప్పెదనంటిని. "ఆ చరిత్ర చెప్పుటకు పెద్దలు మువ్వురు వచ్చుచున్నారు. మీరు మా పిల్లలు దినమంతయు చేతబట్టుకొని తిరుగు ఆ ఫోనులో ఏమి జరుగుచున్నదో చెప్పుడు. చెప్పినది మా పెద్దవారికి కూడ బోధపడవలెను సుమా" అని వారు ఆజ్ఞాపించిరి. ఆజ్ఞ పాలించుటకు వచ్చితిని. బోధపడకున్న దోషము నాది, ఫోనుది కాదు.

రేషను దుకాణమునకు పోయి వ్రేలిముద్ర యంత్రముపై వ్రేలు మోపి నిలబడినవారికి, మీసేవ కేంద్రమున ధ్రువపత్రమునకై కాచుకొన్నవారికి, బ్యాంకులో వరుసలో నిలిచినవారికి పరిచయమైన మాట యొకటి కలదు: "సర్వరు పని చేయుట లేదు." ఆ మాట చెప్పినవాడు చేతులు కట్టుకొని కూర్చుండును. విన్నవాడు నిట్టూర్చి ఇంటికి పోవును. సర్వరు అనగా నేమి? అది ఎచట నుండును? అది పని చేయుట లేదని ఈయనకు ఎవరు చెప్పిరి? మొదటి రెండు ప్రశ్నలకంటె ఈ మూడవది ముఖ్యమైనది. నేను చెప్పబోవునదంతయు తుదకు దానివద్దకే చేరును.

ముందు మన గ్రంథాలయమునే చూడుడు. చందాదారు వచ్చి, కావలసిన పుస్తకము పేరు చీటీపై వ్రాసి బల్లపై పెట్టును. గ్రంథపాలకుడు చీటీ చదివి, బీరువా తెఱచి, పుస్తకము తెచ్చి, రిజిస్టరులో నమోదు చేసి యిచ్చును. చందాదారు ఎప్పుడు వచ్చునో గ్రంథపాలకునకు తెలియదు. కాని గ్రంథపాలకుడు ఎచట కూర్చుండునో చందాదారునకు తెలిసియుండవలెను. చందాదారు మొదలిడును, గ్రంథపాలకుడు కాచుకొని యుండును. కంప్యూటరులలో కూడ వ్యవహారమంతయు ఇట్టిదే. చేయవలసిన పనులను వరుసగా వ్రాసిపెట్టిన ఆజ్ఞాపట్టికను ప్రోగ్రాము అందురు. అడుగు ప్రోగ్రామునకు క్లయింటు అని పేరు. తెలిసిన చోట కాచుకొని యుండి, అడిగినదానికి బదులిచ్చు ప్రోగ్రామునకు సర్వరు అని పేరు.

సర్వరు అనగా చల్లని గదిలో పెట్టిన పెద్ద యంత్రమని కొందఱు తలంతురు. అట్టి యంత్రమును కూడ ఆ పేరుతో పిలుచుట వాడుకయే. కాని నిజమునకు అది యొక పాత్ర, వేషము వంటిది. మన గ్రంథపాలకుడు తనవద్ద లేని పుస్తకము కొఱకు జిల్లా గ్రంథాలయమునకు వ్రాసినప్పుడు తానే చందాదారు వేషము కట్టుచున్నాడు కదా. ఒకే ప్రోగ్రాము ఒకరికి సర్వరుగాను, మఱియొకరికి క్లయింటుగాను ఉండవచ్చును. ఈ సంగతి కొంచెము జ్ఞాపకముంచుకొనుడు, డబ్బు ప్రసక్తి వచ్చినప్పుడు మరల కావలసివచ్చును.

ఇక చిరునామా. ప్రతి యంత్రమునకు ఇంటి నెంబరు వంటి సంఖ్య యొకటి యుండును. కాని ఒకే యంత్రములో అనేక సర్వరు ప్రోగ్రాములు పనిచేయుచుండవచ్చును. పోస్టాఫీసులో బిళ్ళలమ్ము కిటికీ వేరు, సేవింగ్సు బ్యాంకు కిటికీ వేరు అయినట్లు, యంత్రమునందును కిటికీలు కలవు. వీనిని పోర్టులు అందురు. ఒక్కొక్క యంత్రమున 65,535 వఱకు వీనికి నెంబర్లు వేయవచ్చును. మీ ఫోనులో తాళపుకప్ప గుర్తుతో తెఱచుకొను పుటలు సాధారణముగా 443వ కిటికీనుండి వచ్చునవి. ఎవరైనను ఆ నెంబరు చెప్పకయే అడుగుదురు. ఎందుకనగా అది లోకమంతయు ఒప్పుకొన్న నెంబరు. ఏ కిటికీవద్ద ఏ మాట ఏ విధముగా అడుగవలెను, బదులు ఏ విధముగా నుండవలెను అను కట్టుబాటును ప్రోటోకాలు అందురు. పెండ్లిచూపులలో ఎవరు ముందు మాట్లాడవలెనో నిర్ణయమై యున్నట్లే యిదియును.

ఇక నడుమ నున్నదానిని గూర్చి చెప్పెదను. ఇంగ్లీషువారు దీనిని చానెలు అందురు. వారి భాషలో ఆ మాటకు నీటికాలువ యనియు అర్థము కలదు. మనకీ పోలిక క్రొత్తది కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టాలో పడవపై గ్రంథాలయము నడిపించి, కాలువగట్టు గ్రామములవారికి పుస్తకములు చేర్చిరి. పడవలో నున్నది భారతమో, వ్యవసాయ శాస్త్రమో కాలువనీటికి తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. మోయుటయే దాని పని. వార్తలను మోయు కాలువయు నట్టిదే. మీరు పంపినది పెండ్లిపిలుపో, పంట ఋణపు వాయిదాయో దానికి ఒకటియే. దానికి అర్థము తెలియకపోవుటవలననే అది అన్నింటిని మోయగలుగుచున్నది. ఈ గుణమువలన కలుగు చిక్కును ముందు ముందు చూచెదము.

రెండు ప్రోగ్రాములు ఒకే కంప్యూటరులో నున్నచో కాలువ పొట్టిది. 1973లో యూనిక్సు అను వ్యవస్థలో, డగ్లస్ మెకిల్‌రాయ్ గారి సూచనపై కెన్ థాంప్సన్ గారు, ఒక ప్రోగ్రాము నోటినుండి వెడలిన మాట మఱియొకదాని చెవిలో పడునట్లు గొట్టము వంటి ఏర్పాటు నొకదానిని చేసిరి. దాని పేరును గొట్టమే. అది ఇంటిలోని వ్యవహారము. పొరుగువానితో పని లేదు. ఊరు దాటినప్పుడే కష్టములు మొదలగును.

పూర్వపు ట్రంకు కాలు మీలో పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. మాట్లాడుచున్నంతసేపు ఆ తీగ మీ యిద్దరిదే. మీరు దగ్గినను, ఊరకున్నను తీగ మీకే అంకితము. కంప్యూటరులు అట్లు మాట్లాడవు. అవి ఒక గడియ గబగబ చెప్పి, పది గడియలు ఊరకుండును. కావున 1960ల దశాబ్దమున అమెరికాలో పాల్ బేరన్ గారు, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ గారు వేర్వేరుగా ఒక ఉపాయము నాలోచించిరి. వార్తను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ఒక్కొక్కదానిపై చిరునామా వ్రాసి, అందఱి పొట్లములను ఒకే దారిలో కలిపి పంపవలెను. ప్యాకెట్టు అను పేరు డేవిస్ గారు పెట్టినది. నేడు మీ ఫోనునుండి పోవునది ఏదైనను, పాటయైనను పటమైనను, ఈ పొట్లములుగానే పోవుచున్నది.

ఒక నవలను పోస్టుకార్డులపై వ్రాసి పంపినట్లు ఊహించుడు. సాధారణముగా ఒక్కొక్క పొట్లము 1500 బైట్లకు మించదు. బైటు అనగా ఒక ఇంగ్లీషు అక్షరము పట్టు చోటు. మన తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్ల చోటు తీసికొనును. 'తె' అని వ్రాసినచో 'త'కారమునకు మూడు, ఎత్వమునకు మూడు, వెరసి ఆఱు. కావున పొట్లమునకు అయిదువందల తెలుగు గుర్తులకు మించి పట్టవు. మన లిపి అందమునకు మనము చెల్లించు సుంకమిది, చెల్లింపవలసినదే.

పోస్టుకార్డులు దారిలో తప్పిపోవచ్చును. పదియవది అయిదవదానికంటె ముందు చేరవచ్చును. ఒకటియే రెండుమార్లు చేరవచ్చును. పైగా కార్డును దారిలో ఎవరైనను చదువవచ్చును. ఈ చివరిదానికి మందు కవరులో పెట్టి అంటించుట. ఆ తాళపుకప్ప గుర్తునకు అర్థమదియే. తక్కిన మూడింటికి మందును వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను నిద్దఱు 1974లో ప్రకటించిరి. 1983 జనవరి 1వ తేదీన అప్పటి అమెరికా నెట్‌వర్కు అంతయు ఆ పద్ధతికి మారెను. మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీన సామాన్యులకు ఇంటర్నెట్టు అందినప్పుడు వచ్చినదియు, నేడు మన గ్రామమున నడుచుచున్నదియు ఆ పద్ధతియే. టీసీపీ యని దాని పేరు.

పద్ధతి సులభమైనది. ముందు ఇరువురు పలుకరించుకొందురు. "వినబడుచున్నదా?" అని క్లయింటు అడుగును. "వినబడుచున్నది, నా మాట మీకు వినబడుచున్నదా?" అని సర్వరు అడుగును. "వినబడుచున్నది" అని క్లయింటు చెప్పును. పిదప కార్డులకు వరుస సంఖ్యలు వేసి పంపుదురు. అందినవాడు "ఇంతవఱకు అందినవి" అని తిరుగు రసీదు పంపును. రసీదు రాకున్న పంపినవాడు కొంతసేపు చూచి, అదే కార్డును మరల వ్రాసి పంపును. అందినవాడు సంఖ్యలను చూచి వరుసగా పేర్చుకొని, రెండవ ప్రతి వచ్చినచో పాఱవేయును. ఈ విధముగా నమ్మరాని దారిమీద నమ్మదగిన కాలువ యొకటి ఏర్పడుచున్నది. మనుష్యుల వ్యవహారములలో ఇంత చక్కని ఏర్పాటు నేనెచటను చూడలేదు.

అయితే "కొంతసేపు చూచి" అంటిని. ఎంతసేపు? ఈ చిన్న ప్రశ్న 1986లో పెద్ద ఉపద్రవము తెచ్చెను. అమెరికాలోని బర్క్లీ నగరమున లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల యొకటి, విశ్వవిద్యాలయ మొకటి కలవు. నడుమ దూరము 400 గజములు. వాని మధ్య కాలువలో సెకనుకు 32,000 బిట్లు పాఱవలసియుండగా, ఆ యేటి అక్టోబరులో అది ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయెను. బైటుకు ఎనిమిది బిట్లు. అనగా సెకనుకు అయిదు ఇంగ్లీషు అక్షరములు. మన 'తె' ఒక్కటి దాటుటకు ఒక సెకను చాలదు! ఏమి జరిగినది? దారిలో రద్దీ పెరిగి రసీదులు ఆలస్యమైనవి. రసీదు రాలేదని ప్రతివాడును మరల పంపెను. ఆ మరల పంపినవానితో రద్దీ మఱింత పెరిగెను. తిరునాళ్ళ వంతెనపై బండ్లు నిలిచిపోయినప్పుడు వెనుకనున్నవాడు ముందుకు త్రోసినట్లయినది. వాన్ జేకబ్సన్ గారు దీనిని పరిశీలించి, 1988లో మందు ప్రకటించిరి. రసీదు రాకున్నచో తొందరపడకూడదు. వేచియుండు కాలమును ప్రతిసారి రెండింతలు చేయవలెను, ఒకేసారి పంపు కార్డుల సంఖ్యను తగ్గించవలెను. నేటికిని కాలువలు పూడిపోకుండ కాచుచున్నది ఈ ఓపికయే. మీ ఫోనులో చక్రము తిరుగుచున్నప్పుడు అది సోమరితనము కాదు, చాల సందర్భములలో అది మర్యాద.

ఇంతవఱకు కాలువ గొప్పతనము చెప్పితిని. ఇక దాని చేత కానిది చెప్పెదను.

పూర్వము రిజిస్టరు ఉత్తరముతోపాటు వచ్చెడి రసీదు కార్డును తలంచుకొనుడు. దానిపై సంతకము ఉన్నదనగా ఉత్తరము ఆ ఇంటికి చేరినదని అర్థము. యజమాని దానిని చదివెనని కాదు. చదివినను, అడిగిన పని చేసెనని కాదు. టీసీపీ రసీదును అంతియే. అది "యంత్రమునకు చేరినది" అని మాత్రము చెప్పును. చేరిన మఱుక్షణము సర్వరు ప్రోగ్రాము ఆగిపోయినను కాలువ దోషము కాదు. సాల్జర్, రీడ్, క్లార్క్ అను మువ్వురు పండితులు 1984లో దీనిని గూర్చి స్పష్టముగా వ్రాసిరి. పని జరిగినదో లేదో ఆ రెండు కొనలయందలి ప్రోగ్రాములే తేల్చుకొనవలెను, నడుమ నున్న కాలువ ఎంత మంచిదైనను వారి బదులు తేల్చలేదని వారి మాట. కాలువకు అర్థము తెలియదని ముందు చెప్పితిని కదా, ఆ గుణముయొక్క రెండవ ముఖమిది.

ఒక ఉదాహరణము. మీరు ఇంటిలో కూర్చుండి, ఒక పిల్లవాని చేతికి చీటీ యిచ్చి గ్రంథాలయమునకు పంపితిరి. గంట గడచినది. పిల్లవాడు తిరిగి రాలేదు. ఏమి జరిగియుండును? వాడు దారిలో గోళీలాటలో పడి, అసలు గ్రంథాలయమునకే పోలేదేమో. పోయినను తలుపులు మూసియున్నవేమో. గ్రంథపాలకుడు ఇంకను బీరువాలు వెదకుచున్నాడేమో. లేక, పుస్తకము మీ పేర రిజిస్టరులో ఎక్కి, దానిని చంకనబెట్టుకొని వచ్చుచు పిల్లవాడు చెఱువుగట్టున నిలిచిపోయెనేమో. ఈ నాలుగును నాలుగు వేర్వేరు సంగతులు. మొదటి రెంటిలో పని జరుగలేదు, నాల్గవదానిలో జరిగినది. కాని వీధివాకిట నిలిచి చూచుచున్న మీకు నాలుగును ఒక్కటే: పిల్లవాడు లేడు.

ఇప్పుడు మన మూడవ ప్రశ్నకు వత్తము. సర్వరు పని చేయుట లేదని రేషను దుకాణదారునకు ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. అతని యంత్రమునకు నిర్ణీతకాలములో బదులు రాలేదు, అంతమాత్రమే అతనికి తెలిసినది. సర్వరు నిక్షేపముగా నుండి, మన ఊరి టవరువద్ద కరెంటు పోయియుండవచ్చును. బదులు దారిలోనే యుండవచ్చును. ఒక్క మినహాయింపు: యంత్రము చేరి, కిటికీవద్ద ఎవరును లేకున్న, ఆ యంత్రమే "ఇచట ఎవరును లేరు" అని తిరుగు జవాబు చెప్పును. నిరాకరణ కూడ సమాధానమే. దానివలన ఒక సంగతి తేలినది. మౌనమువలన ఏమియు తేలదు. మన సామెత ప్రకారము మౌనము అర్ధాంగీకారము; కంప్యూటరుల లోకమున అది అర్ధాంగీకారమును కాదు, నిరాకరణమును కాదు.

1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి లాస్ ఏంజిల్స్‌లోని విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు, అయిదువందల కిలోమీటర్ల దూరము, మొట్టమొదటి వార్త పంపిరి. లెనార్డ్ క్లైన్‌రాక్ గారి ప్రయోగశాలలో చార్లీ క్లైన్ అను విద్యార్థి 'లాగిన్' అను మాటను ఇంగ్లీషున ఒక్కొక్క అక్షరముగా కొట్టుచుండెను. 'ఎల్' చేరెను, 'ఓ' చేరెను, ఆపై అవతలి యంత్రము కూలిపోయెను. రెండే అక్షరములు చేరినవని వారికి ఎట్లు తెలిసెను? వారి చేతిలో మామూలు టెలిఫోను కూడ నుండెను. "ఎల్ వచ్చినదా?" "వచ్చినది" అని మాటలతో అడిగి తెలిసికొనుచుండిరి. అనగా మొదటి కాలువ సంగతి చెప్పుటకు వారికి రెండవ కాలువ యుండెను. రేషను దుకాణమున వ్రేలు మోపి నిలబడిన అవ్వకు ఆ రెండవ కాలువ లేదు.

డబ్బు సంగతికి వచ్చినప్పుడు ఈ మౌనము బరువెక్కును. నిరుటి ఖరీఫులో నేను ఒక ఎరువుల దుకాణమున ఫోనుద్వారా డబ్బు పంపితిని. చక్రము తిరుగుచుండెను. బల్లపై నున్న మాటలాడు పెట్టె పలుకలేదు. వెనుక పదిమంది నిలిచియుండిరి. తొందరపడి రెండవసారి పంపితిని, ఈసారి పెట్టె పలికెను. ఇల్లు చేరునప్పటికి రెండు మొత్తములును నా ఖాతానుండి పోయినవి. దుకాణదారు మంచివాడు, మరునాడు తానే కబురుచేసి ఒక మొత్తము తిరిగి ఇచ్చెను. అందఱికి అట్టి దుకాణదారు దొరకడు. ఆ పెట్టెకు సాధారణముగా దాని సిమ్ము దానికి వేరుగా నుండును. అది పలుకకపోయినంతమాత్రమున డబ్బు చేరలేదని కాదు. నేను వినినది ఒక కాలువ మౌనము, పోయినది మఱియొక కాలువలోని డబ్బు.

ఆ డబ్బు దారి చూడుడు. 2016లో మొదలైన యూపీఐ పద్ధతిలో మీ ఫోనులోని యాపు అడుగును. యాపు తరపు బ్యాంకు ఆ మాటను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషనుకు చేర్చును. కార్పొరేషను మీ బ్యాంకును అడిగి డబ్బు తీయించి, దుకాణదారుని బ్యాంకునడిగి జమ చేయించును. బదులు మరల ఆ దారినే వెనుకకు రావలెను. నడుమ నున్నవారందఱు ఒకరికి సర్వరులు, మఱియొకరికి క్లయింటులు. ఏ నడుమ కాలువ మౌనము వహించినను మీ ఫోనులో కనబడునది ఆ చక్రమే.

ఎన్ని రసీదులు పెట్టుకొన్నను ఈ సందేహము పూర్తిగా తీరదా యని మీరు అడుగవచ్చును. తీరదు. ఇది ఇంజనీర్ల చేతకానితనము కాదు, నిరూపింపబడిన సంగతి. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అను మువ్వురు రెండు దొంగముఠాల కథగా దీనిని వ్రాసిరి. తరువాత జిమ్ గ్రే గారు దొంగలను సేనాపతులుగా మార్చిరి, ఆ పేరే నిలిచినది. రెండు గుట్టలపై ఒకే పక్షమునకు చెందిన రెండు సేనలు కలవు. నడుమ లోయలో శత్రువు. ఇద్దఱు సేనాపతులును ఒకే వేళకు దాడి చేసిన గెలుపు; ఒక్కడే చేసిన నాశనము. వార్త పోవలెనన్న దూత లోయలోనుండియే పోవలెను, పట్టుబడవచ్చును. "తెల్లవారుజామున దాడి" అని మొదటివాడు కబురంపెను. అందినదో లేదో తెలియక అతడు కదలడు. "అందినది" అని రెండవవాడు కబురంపెను. ఆ కబురు చేరెనో లేదో తెలియక ఇతడు కదలడు. సరే, ఏదో యొక కబురుతో ఇద్దఱికి నిశ్చయము కుదిరెననుకొందము. ఆ చివరి కబురు దారిలో పోయినను దాడి జరిగి తీరవలెను కదా, పంపినవానికి అది చేరెనో లేదో తెలియదు గనుక. అట్లయిన ఆ కబురు అక్కఱలేనిదే. దానిని తీసివేయుడు, ఇప్పుడు దానికి ముందుదే చివరిది. దానిని గూర్చియు ఇదే వాదము. ఈ విధముగా ఒక్కొక్కటి తీసివేయగా తుదకు ఏ కబురును లేకయే నిశ్చయము కుదిరినదనవలసివచ్చును, అది అసంభవము. మన న్యాయశాస్త్రజ్ఞులు వినియున్నచో ఆనందించియుందురని నాకు తోచుచుండును.

నిశ్చయము దొరకదు. కాని నష్టము తప్పించుకొనుటకు దారి కలదు. మరల చీటీ కథకే వత్తము. పిల్లవాడు రానందున మీరు రెండవ పిల్లవానికి క్రొత్త చీటీ యిచ్చి పంపితిరి. "ఈ పుస్తకము లోపల నున్నదా?" అని మాత్రమే చీటీలో వ్రాసియున్నచో పదిసార్లు అడిగినను నష్టము లేదు. "నా పేర ఒక పుస్తకము ఇమ్ము" అని వ్రాసియున్నచో మీ పేర రెండు పుస్తకము లెక్కును. ఇప్పుడు చీటీకి మీరు ఇంటియందే ఒక నెంబరు వేసితిరనుకొనుడు, చీటీ నెంబరు 17. రెండవసారి పంపినప్పుడును క్రొత్త నెంబరు వేయక, ఆ 17నే వేసితిరి. గ్రంథపాలకుడు రిజిస్టరు తిప్పి, "17కు పుస్తకము ఇచ్చియే యున్నాను" అని చూచుకొని, రెండవ పుస్తకము తీయక, మొదటి జవాబునే మరల చెప్పి పంపును. ఎన్ని చీటీలు పోయినను, ఎన్ని మరల వచ్చినను, పుస్తకము ఒక్కటే. గమనింపుడు: నెంబరు వేయువాడు అడుగువాడు, జ్ఞాపకముంచుకొనువాడు ఇచ్చువాడు. కాలువకు ఇందులో పని లేదు.

డబ్బు పంపు పద్ధతిలోను ప్రతి లావాదేవికి నెంబరు కలదు. యంత్రములు తమలో తాము మరల అడిగికొనునప్పుడు ఆ నెంబరునే చెప్పుకొనును, కావున వాని తొందరవలన మీ డబ్బు రెండుమార్లు పోదు. కాని మీరు వెనుకకు పోయి, క్రొత్తగా మొత్తము వేసి, రహస్యసంఖ్య కొట్టినచో అది క్రొత్త నెంబరుగల క్రొత్త చీటీ. గ్రంథపాలకుడు దానిని క్రొత్తదిగానే చూచును. ఆ ఎరువుల దుకాణమున నేను చేసినది సరిగా ఇదియే. తప్పు కాలువది కాదు, సర్వరుది కాదు.

కావున చక్రము తిరుగుచున్నప్పుడు చేయవలసినది మరల పంపుట కాదు, యాపులోని చరిత్ర పుటలో ఆ లావాదేవి స్థితి చూచుట. అడిగి చూచుటవలన నష్టము లేదు, అది మొదటిరకపు చీటీ. "పెండింగు" అని యున్నచో అది వైఫల్యము కాదు, విజయమును కాదు. పిల్లవాడు ఇంకను దారిలో నున్నాడు. మీ ఖాతాలో డబ్బు తగ్గి, అవతలివారికి చేరకున్నచో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో జారీచేసిన ఉత్తర్వు కలదు. మనుష్యుని ఖాతాకు పంపినదైన మరునాటిలోగా, దుకాణమునకు చెల్లించినదైన అయిదు దినములలోగా, అడుగకయే డబ్బు వెనుకకు వేయవలెను. ఆలస్యమైన దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఈయవలెను. ఈ ఉత్తర్వు సంగతి తెలియక ఎందఱో ఊరకున్నారు. ఫిర్యాదు చేయునప్పుడు "మొన్న సాయంకాలము, దుకాణములో" అని చెప్పిన ప్రయోజనము లేదు. లావాదేవి వివరములలో పండ్రెండంకెల నెంబరు ఒకటి యుండును. అది మీ చీటీ నెంబరు, అది చెప్పుడు.

ఆ నెంబరు ఎచట నుండునో తెలియనివారు సభానంతరమున పఠనమందిరములో, పత్రికల బల్లవద్దకు ఫోను తీసికొని రండు. చీకటిపడు వఱకు అచటనే యుందును. రహస్యసంఖ్య మాత్రము నాకును చెప్పవలదు.